మినీ ట్రక్కు బ్రేకు గట్టిపడిందా? బూస్టర్ ఆఖర్న చూడండి

డీజిల్ మినీ ట్రక్కులో పెడల్ రాయిలా గట్టిపడితే చాలామంది నేరుగా బూస్టరే (వాక్యూమ్‌తో కాలి తొక్కుడుకు బలం కలిపే డబ్బా) మార్చేస్తారు. అది ఖరీదైన తొందరపాటు. లీకు బూస్టర్‌కు వాక్యూమ్ తెచ్చే హోస్‌లోనో, గాలిని ఒకవైపే పోనిచ్చే వన్‌వే వాల్వ్‌లోనో ఉండొచ్చు.

బండిని చదునైన చోట ఆపి చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజన్ ఆఫ్‌లో పెడల్ ఐదారుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ దగ్గర హోస్ విప్పి వాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. డీజిల్ బండికి వాక్యూమ్ ఇచ్చేది పంపు. చాలా మోడళ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. హైదరాబాద్ 500 మీటర్ల పైఎత్తున ఉంది కాబట్టి, సముద్రమట్టపు లెక్క కంటే గేజ్ రీడింగ్ దాదాపు రెండు అంగుళాలు (పాదరసం లెక్కలో) తగ్గుతుంది. అంతమాత్రాన పంపును అనుమానించకండి.

పంపు బాగుంటే హోస్ తిరిగి బిగించి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. పది నిమిషాలాగి తొక్కితే మొదటి ఒకటి రెండు తొక్కులు మెత్తగా దిగాలి. దిగలేదంటే వాల్వ్ విప్పి ఊదండి: బూస్టర్ వైపు నుంచి గాలి పోవాలి, పంపు వైపు నుంచి పోకూడదు. వాల్వ్ కూర్చునే రబ్బరు గ్రోమెట్, ఇంజన్ వేడికి పగిలే హోస్ చివరలు కూడా చూడండి.

ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకున్నంతసేపూ బుస్సుమని శబ్దం వస్తుంటే, అప్పుడు మాత్రం బూస్టర్ లోపలే లీకు.