రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళకు సమాన కూలి: యూనియన్ తరఫున ప్రచారం ఎలా చేయాలి?

తెల్లారకముందే భీమవరం చుట్టుపక్కల ఊళ్ళ మలుపుల్లో కంపెనీ బస్సులు ఆగుతాయి. క్యారేజీ సంచులు పట్టుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. 2009లో మన దేశంలో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గోదావరి డెల్టాలో ఇంకా ఎన్నో వరి చేలు చెరువులైపోయాయి. ఊడ్పులు ఊడ్చిన చేతులే ఇప్పుడు ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీస్తున్నాయి. పని మారింది గానీ ఆడకూలి, మగకూలి అనే తేడా పొలం గట్టు దాటి, రొయ్యలు ఒలిచి ప్యాక్ చేసే షెడ్డులోకి కూడా వచ్చేసింది.

మన యూనియన్లు బోనస్ కోసం, కూలి రేట్ల కోసం చాలా పోరాడాయి. సమానత్వం మాట మాత్రం మార్చి 8న ఒక సభ పెట్టి ఊరుకుంటాం. నా అనుభవంలో అది పెద్ద తప్పు. షెడ్డులో రొయ్యలు ఒలిచేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే అయినప్పుడు, వాళ్ళ సమస్యే యూనియన్ అసలు సమస్య. ఆ ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా నడపాలో మేం నేర్చుకున్నంత వరకు రాస్తున్నాను.

మొదట వినండి

కరపత్రం తర్వాత. గేటు దగ్గర మీటింగ్ అసలే వద్దు, అక్కడ సూపర్‌వైజర్ కళ్ళన్నీ మీ మీదే ఉంటాయి. సాయంత్రం వంటలయ్యాక వాళ్ళ పేటకే వెళ్ళండి. లేదా ఆదివారం ప్రార్థన అయ్యాక చెట్టు కింద కూర్చోండి. వీలైతే మాట్లాడేది ఆడమనిషే అయ్యుండాలి.

మేం మొదటిసారి కూలి రేట్ల కరపత్రం పట్టుకుని వెళ్ళాం. ఒక పెద్దావిడ అది పక్కన పెట్టి, "కూలి సంగతి తర్వాత బాబూ. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా బాత్రూంకి పంపరండి. నీళ్ళు తాగడమే మానేశాం మేము" అంది. ఆ రాత్రే కరపత్రం మార్చి రాశాం. మొదటి డిమాండు మరుగుదొడ్డి అయింది, రెండోది కూలి. ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి మాట. అడగడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

నోటు పుస్తకం పెట్టండి

ఈ పనికి విసుగు పడకండి, ప్రచారమంతా దీని మీదే నిలబడుతుంది. ఒక పది పదిహేను మంది ఆడవాళ్ళు, తోడుగా కలిసొచ్చే మగవాళ్ళు ఒక నెలపాటు రోజూ రాయాలి. ఎన్నింటికి లోపలికి వెళ్ళారు, ఎన్నింటికి వదిలారు, ఏ బల్ల మీద ఏ పని, ఎన్ని కిలోలు, బటవాడా రోజు చేతికి ఎంత వచ్చింది, ఎందుకు కోత పెట్టారు. రాయడం రానివాళ్ళకు ఇంట్లో టెన్త్ చదివే పిల్ల రాసిపెడుతుంది. నాకు తెలిసిన అత్యంత శ్రద్ధగల లెక్కలు ఆ పిల్లలు రాసినవే.

నెల తిరిగాక పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి పోల్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సమాన కూలి అనగానే యాజమాన్యం "మగవాళ్ళు బాక్సులు మోస్తారు కదండీ" అంటుంది. మోసే పనిని, ఒలిచే పనిని పోల్చుకుంటూ వాదనకు దిగితే అక్కడే ఇరుక్కుంటాం. అందుకే గ్రేడింగ్, ప్యాకింగ్ లాంటి బల్లల దగ్గర ఆడా మగా పక్కపక్కనే ఒకే పని చేస్తుంటే ముందు ఆ లెక్క తీయండి. ఒకే పని లేదా ఒకే తరహా పని అన్నది చట్టంలో ఉన్న మాటే. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానంగా ఉన్నాయా, పని పరిస్థితులు ఒకలాంటివేనా అని చూడాలి. పనికి కంపెనీ పెట్టిన పేరుతో సంబంధం లేదు. కిలోల లెక్కన పనిచేసేవాళ్ళకు కూడా కనీస వేతనం వర్తిస్తుందని మర్చిపోకండి. రోజు కూలి అంతకంటే తగ్గితే అది వేరే ఫిర్యాదు.

చట్టంలో ఏముందో నాలుగు మాటల్లో చెప్పగలగాలి

రాజ్యాంగం 39వ అధికరణం సమాన పనికి సమాన వేతనం అంటుంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాన్ని 2019 వేతనాల కోడ్ అనే కొత్త చట్టంలో కలిపేశారు, 2025 నవంబరు 21న ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. కార్మిక కోడ్‌ల మీద యూనియన్లకు చాలా అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. అయినా లింగ భేదంతో వేతనంలో వివక్ష చూపకూడదన్న నిబంధన అందులో ఉంది, దాన్ని వాడుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట: సమానం చేసే పేరుతో ఎవరి వేతనమూ తగ్గించకూడదు. "వాళ్ళకు పెంచితే మాకు కోస్తారేమో" అని మగవాళ్ళు లోపల భయపడుతుంటారు. ఈ ఒక్క వాక్యం చదివి వినిపిస్తే సగం టెన్షన్ పోతుంది.

లైంగిక వేధింపుల సంగతి కూడా చెప్పాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే. సాధారణంగా ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. వేధించింది యజమానే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఈ మాట సభలో మైకులో చెబితే చాలదు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. అడగాల్సినవాళ్ళు సభలో నోరు విప్పరు.

మన ఇల్లు చక్కబెట్టుకోండి

యూనియన్ కార్యవర్గంలో ఆడవాళ్ళు ఎంతమంది? మీటింగ్‌లో కుర్చీలు ఎవరు వేస్తున్నారు, టీ ఎవరు కలుపుతున్నారు, తీర్మానం ఎవరు చదువుతున్నారు? ఇరవై మంది, అంతకు మించి ఉన్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టాలని, అందులో మహిళలకు కార్మికుల్లో వాళ్ళ నిష్పత్తికి తగ్గకుండా చోటు ఇవ్వాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. కంపెనీని అది అడిగేముందు మన కార్యవర్గంలో చేసి చూపించాలి. రాత్రి తొమ్మిదింటికి మీటింగ్ పెట్టి ఆడవాళ్ళు రాలేదంటే తప్పు వాళ్ళది కాదు.

కులం మాట దాటేయకండి. ఐసు నీళ్ళ బల్లల దగ్గర ఎవరు నిలబడుతున్నారు, గాజు గదిలో కుర్చీ ఎవరిది అన్నది షెడ్డులో అందరికీ తెలుసు. బయటకు అనరంతే. భోజనాల దగ్గర వేరే వరస కూర్చుంటే ఆ వరసలో వెళ్ళి మీరు కూర్చోండి. ఒడిశా నుంచి వచ్చి కంపెనీ గదుల్లో ఉండేవాళ్ళను "బయటివాళ్ళు" అనే మాట మీ నోట రాకూడదు. వాళ్ళను వదిలేస్తే రేపు వాళ్ళ రేటు చూపించే మీ రేటు తగ్గిస్తారు. కరపత్రం వాళ్ళ భాషలో కూడా వేయించండి, ఒకరిచేత చదివించండి.

అప్పుడు బయటికి రండి

అర్జీ మీద పేర్లు గుండ్రంగా, చక్రంలా సంతకం చేయించండి. మొదటి పేరు ఎవరిదో తెలియదు కాబట్టి ఒక్కరిని ఏరి పక్కన పెట్టడం కష్టమవుతుంది. మా దగ్గర ఒక అక్క మాట్లాడినందుకు మర్నాటి నుంచి బస్సు ఆ మలుపులో ఆగలేదు. ఆ వారమంతా తక్కినవాళ్ళు ముందు మలుపులో దిగిపోయి ఆమెతోపాటు నడిచారు. బస్సు మళ్ళీ ఆగింది.

అర్జీ రెండు కాపీలు చేసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. గడువు పెట్టండి. జవాబు లేకపోతే కార్మిక శాఖకు అర్జీ, నోటు పుస్తకాల నకళ్ళు జతచేసి. అధికారి ముందు మాట్లాడేది నాయకుడు కాకూడదు, ఆ బల్ల దగ్గర నిలబడే మనిషే మాట్లాడాలి. ముందురోజు రెండుసార్లు చెప్పించి చూసుకోండి చాలు.

రోజులు కూడా చూసుకోండి. సార్వా ఊడ్పులప్పుడు చాలామంది పొలాలకు పోతారు, షెడ్డులో చేతులు తక్కువవుతాయి. యాజమాన్యం మాట వినే రోజులవి. కోతలప్పుడు మాత్రం సభ పెట్టకండి, ఎవరికీ తీరిక ఉండదు.

నరసాపురం వైపు ఇళ్ళలో లేసు అల్లేవాళ్ళతోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. అక్కడ గేటు ఉండదు కాబట్టి నోటు పుస్తకంలో ఎంత దారం ఇచ్చారు, ఎన్ని గంటలు పట్టింది, ఏజెంటు ఎంత ఇచ్చాడు అని రాయించాలి.

రేటు పెరిగినట్టు కాగితం వచ్చినా పుస్తకాలు ఆపకండి. తర్వాతి బటవాడా అయిన ఆదివారం మళ్ళీ అదే చెట్టు కింద కూర్చుని, ఆ కాగితంలో ఉన్న అంకె, చేతికి వచ్చిన అంకె పక్కపక్కన పెట్టి చూడండి.