పాత వీ యూ కొనే ముందు పరీక్షించుకోవలసిన విధం

విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో నింటెండో వారి వీ యూ అనే వీడియోగేమ్ కన్సోల్ దొరికితే, అది అమెరికా నుంచి ఎవరి బంధువుల సూట్‌కేసులోనో వచ్చినదై ఉండే అవకాశం ఎక్కువ. బేరానికి దిగే ముందు దానిని ఒక గంటసేపు పరీక్షించండి. దీనికి ముందు ఆ కంపెనీదే అయిన వీ కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడుపోగా, 2012 నవంబరులో వచ్చిన ఈ వీ యూ 1.36 కోట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో కూడా ఆ గంటలోనే అర్థమవుతుంది.

మొదట రెండు వస్తువులూ ఉన్నాయో లేదో చూసుకోండి: టీవీకి తగిలించే కన్సోల్ ఒకటి, చేతిలో పట్టుకుని ఆడే, 6.2 అంగుళాల తెర ఉన్న గేమ్‌ప్యాడ్ మరొకటి. గవర్నర్‌పేటలో నేను చూసిన ఒక దుకాణంలో గేమ్‌ప్యాడ్‌ను "చెడిపోయిన ట్యాబండీ, స్పేర్లకు పనికొస్తుంది" అంటూ అద్దాల బీరువాలో పెట్టారు; దాని కన్సోలేమో అడుగు అరలో, పాత డీవీడీ ప్లేయర్ల మధ్య దుమ్ము పట్టి ఉంది. ఆ యజమానిని తప్పుపట్టలేం. 2011లో లాస్ ఏంజెలస్ ప్రదర్శనలో కంపెనీయే గేమ్‌ప్యాడే అంతా అన్నట్టు చూపించింది. పేరు కూడా పాతదానికి ఒక అక్షరం తగిలించినట్టే ఉండటంతో, ఇది తమ ఇంట్లో ఉన్న వీకి అదనపు సామాను కాబోలని అక్కడివారే చాలామంది పొరబడ్డారు.

ప్లగ్ పెట్టే ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదవండి. అమెరికా అడాప్టర్ 120 వోల్టులది కనుక, మన 230 వోల్టులకు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. గేమ్‌ప్యాడ్‌కు వేరే అడాప్టర్ ఉంటుంది, దానినీ చూడండి.

ఇక గేమ్ పెట్టి, గేమ్‌ప్యాడ్‌తో వంటగది దాకా నడవండి. ఆట నడిచేది కన్సోల్‌లోనే. చేతిలోని తెరకు బొమ్మ మాత్రమే గాలిలో వస్తుంది కాబట్టి, గోడలు అడ్డొస్తే దగ్గరలోనే తెగిపోతుంది. కొత్తలోనే 3 నుంచి 5 గంటలు వచ్చే బ్యాటరీ ఇప్పుడెంత నిలుస్తుందో చూడండి. స్టైలస్‌తో ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీస్తే టచ్ ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది.

ఆడేటప్పుడు మీ మెడను గమనించండి. టీవీ వైపు ఒకసారి, ఒళ్లోకి ఒకసారి. రెండో తెర నిజంగా అవసరమైన ఆటలు కొద్దే. మిగతావాటిలో అది మ్యాపు చూపడానికే పరిమితమైంది. అయినా దాని ఖరీదు వీ యూ రెండు మోడళ్ల 299, 349 డాలర్ల ధరల్లో కలిసిపోయింది. ఇంట్లో నలుగురున్నా గేమ్‌ప్యాడ్ ఒక్కరికే. 2013 నవంబరులో ఎంతో శక్తిమంతమైన పోటీ కన్సోళ్లు ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రావడంతో బయటి గేమ్ కంపెనీలు అటు మళ్లాయి. 2014 జనవరిలో, ఆ మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరపు వీ యూ అమ్మకాల అంచనాను 90 లక్షల నుంచి 28 లక్షలకు దించుకున్న నింటెండో అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నారు.

గేమ్ డిస్కులు కన్సోల్‌ను ఏ ప్రాంతం కోసం తయారుచేశారో ఆ ప్రాంతానికి చెందినవే కావాలి. వీ యూ ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి, ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ముగిసింది. అందుచేత డిస్కులు లేని సెట్టు వద్దు. గేమ్‌ప్యాడ్ లేని కన్సోల్ ఊరికే ఇస్తానన్నా ఆలోచించండి, సెట్టింగులు మార్చాలంటే అదే ఉండాలి. ఈ సంగతి గవర్నర్‌పేట యజమానికి చెప్పి రెండూ ఒకే సెట్టని చూపించాను. ఆయన కన్సోల్ దుమ్ము తుడిచి, ధర రెట్టింపు చేశారు.