సుగ్గికి పోయేముందు: నొప్పి మాత్ర "తిన్నాకే వేసుకుంటున్నా" అనేవాళ్ళకు

దీపావళి దాటిందంటే ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలి పనులకు, బండ్లు కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు పోయేవాళ్ళు పోతారు. ఊర్లో ఉండేవాళ్ళకు పత్తి తీత ఉండనే ఉంది. అనంతపురం వైపు బుడ్డలు (వేరుశనగ) పీకి, కాయ కొట్టే పని అప్పటికింకా మిగిలే ఉంటుంది. అన్నీ పొద్దస్తమానం నడుము వంచి చేసే పనులే. రెండో రోజుకే నడుము, మోకాళ్ళు, భుజాలు పట్టేస్తాయి. రాత్రి పడుకునేముందు ఒక నొప్పి మాత్ర, పొద్దున చేనికి పోయేముందు ఇంకొకటి. ఇట్లా ఇరవై రోజులు వేసుకున్న కూలీ మనిషి ఒకాయన మొన్న చేలోనే రక్తం కక్కుకుని పడిపోయాడు. ఆస్పత్రిలో ఆయన భార్య చెప్పిన మాట ఒకటే: "వట్టి కడుపున ఎప్పుడూ వేసుకోలేదు సార్, తిన్నాకే వేసుకుంటుండె."

ఆ మాట గురించే ఇదంతా. కారం తగ్గించండి, వేళకు తినండి అనేవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న ధీమా కొంపలు ముంచుతోంది.

కడుపు తనను తాను ఎందుకు అరిగించుకోదు

ఇది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. అరుగుదల నోట్లోనే మొదలవుతుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము రాగిపిండి, బియ్యంలోని పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చిన్న చక్కెరగా విడగొడుతుంది. సంగటిని మనం నమలం, ముద్దచేసి మింగుతాం కాబట్టి ఆ పని నోట్లో కొంచెమే జరిగి, మిగతాదంతా చిన్నపేగులో క్లోమరసం చేతుల మీదుగా పూర్తవుతుంది. మధ్యలో జీర్ణాశయం వంతు వచ్చేది పప్పు, గుడ్డు, మాంసంలో ఉండే మాంసకృత్తులకు.

జీర్ణాశయం గోడ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. దాని పీహెచ్ (ఆమ్లం ఘాటుకు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది. కడుపులో ఉండేది ఈ ఆమ్లమేనని విలియం ప్రౌట్ 1824లో ప్రకటించాడు. అదే గోడ పెప్సినోజెన్ అనే పదార్థాన్ని కూడా వదులుతుంది. ఆమ్లం తగలనంతవరకు అది దేన్నీ ముట్టుకోదు. ఆమ్లం తగలగానే పెప్సిన్‌గా మారి మాంసకృత్తులను ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. దీన్ని 1836లో థియోడోర్ ష్వాన్ వేరుచేసి చూపాడు.

కడుపు గోడ కూడా మాంసమే. అయినా అది అరిగిపోకపోవడానికి కారణం దాని మీద ఉండే జిగురు పొర. ఆ పొరలో బైకార్బొనేట్ అనే క్షారం ఉంటుంది. కడుపు లోపల పీహెచ్ 2 ఉన్నా, పొర కింద గోడ కణాల దగ్గర అది 7కు చేరువగా, అంటే మంచినీళ్ళంత సౌమ్యంగా ఉంటుంది. పైవరస కణాలు దెబ్బతిన్నవి రాలిపోయి కొన్ని రోజులకొకసారి కొత్తవి వస్తుంటాయి. వాటికి రక్తం ధారాళంగా అందాలి. ఈ జిగురు, ఈ క్షారం, ఈ రక్తప్రసరణ, మూడూ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల ఆజ్ఞ మీద నడుస్తాయి. మట్టి మిద్దె మీద చౌడు పోస్తూ ఉన్నంతకాలం వాన ఇంట్లోకి దిగదు. ప్రోస్టాగ్లాండిన్ ఆ చౌడు పోసే మనిషి.

ఈ ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసేది సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైము. మోకాలికి దెబ్బ తగిలినా, నడుము పట్టేసినా అక్కడ నొప్పి, వాపు పుట్టించేదీ ఈ ఎంజైముల కుటుంబమే. నొప్పి మాత్ర చేసే పని దాన్ని ఆపడం. యాస్పిరిన్ లాంటి మందులు ఇట్లా పనిచేస్తాయని జాన్ వేన్ 1971లో కనుక్కున్నాడు. అందుకు 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మాత్రకు మోకాలు వేరు, కడుపు వేరు అనే తేడా తెలియదు. మోకాల్లో నొప్పి ఆపినప్పుడే కడుపులో చౌడు పోయడమూ ఆపేస్తుంది.

తిన్నాక వేసుకుంటే ఏమవుతుంది

మాత్ర కడుపులో కరిగేటప్పుడు గోడకు తగిలి మంట పుట్టిస్తుంది. తిండి ఉంటే ఆ మంట తగ్గుతుంది. తిండి చేసే మేలు అంతవరకే. పెద్ద నష్టం ఆ తర్వాత జరుగుతుంది. మందు పేగుల్లో ఇంకి రక్తంలో కలుస్తుంది, రక్తం దాన్ని తిరిగి జీర్ణాశయం గోడకే చేరుస్తుంది, అక్కడ ప్రోస్టాగ్లాండిన్ తయారీ ఆగిపోతుంది. పొర పలచబడుతుంది. ఆమ్లం, పెప్సిన్ గోడను తినడం మొదలుపెడతాయి. అదే పుండు. మీరు తిని వేసుకున్నా, తినకుండా వేసుకున్నా ఇది మారదు. అందుకే నొప్పికి సూది వేయించుకునేవాళ్ళకు కూడా పుండ్లు పడతాయి. మందు గొంతు దిగకపోయినా కడుపుకు చేరే దారి రక్తమే కదా.

తిని వేసుకుంటే మంట తగ్గుతుంది. పుండు ఆగదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి మాత్ర పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది. కడుపునొప్పి రాలేదు కాబట్టి కడుపు బాగుందనుకుంటారు. చాలామందిలో మొట్టమొదటి గుర్తు రక్తమే. పైగా ఈ మందుల్లో చాలావరకు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను కూడా మందగింపజేస్తాయి. యాస్పిరిన్ అయితే ఒక్కో ప్లేట్‌లెట్‌ను అది బతికినన్నాళ్ళూ, అంటే 7 నుంచి 10 రోజులు, పనికిరాకుండా చేస్తుంది. గాయం చేసేదీ, గాయం నుంచి కారే రక్తాన్ని ఆగకుండా చేసేదీ ఒకే మాత్ర.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా అంటే

పాంటోప్రజోల్ 40 గానీ ఒమెప్రజోల్ 20 గానీ నిజంగా కాపాడతాయి, సరిగా వేసుకుంటే. ఆమ్లాన్ని బయటికి తోసే పంపులను ఇవి మూసేస్తాయి. అయితే పని చేస్తున్న పంపునే మూయగలవు. పంపులు పని మొదలుపెట్టేది మనం తిన్నప్పుడు. కాబట్టి పొద్దున ఏమీ తినకముందు వేసుకుని, అరగంట ఆగి తినాలి. సద్ది తిన్నాక నొప్పి మాత్రతో కలిపి గుటుక్కున మింగితే సగం వృథా. తెల్ల సిరప్‌లు అప్పటికున్న ఆమ్లాన్ని కాసేపు చల్లార్చి ఊరుకుంటాయి, పుండు పడకుండా ఆపవు. పాలు తాగినా అంతే: ముందు చల్లగా అనిపిస్తుంది, కాసేపటికి పాలలోని కాల్షియం, మాంసకృత్తులు ఇంకా ఆమ్లాన్ని ఊరిస్తాయి. గ్యాస్ మాత్ర కాపలా కాసేది జీర్ణాశయాన్నీ, దాని వెంటనే ఉండే పేగు భాగాన్నీ. కింది పేగులకు దాని కాపలా లేదు. కాబట్టి గ్యాస్ మాత్ర ఉంది కదా అని నొప్పి మాత్ర నెలలపాటు సాగదీయకండి.

మూట కట్టుకునేముందు

నొప్పి మాత్ర అని ఇక్కడ అంటున్నది వీటినే, పేర్లు గుర్తుపెట్టుకోండి: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పైరాక్సికామ్, కెటోరోలాక్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్, యాస్పిరిన్. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది వదిలేయండి, కింద చిన్న అక్షరాల్లో ఉండేది చదవండి. వీటిలో ఏ రెండూ ఒకే రోజు వేసుకోకూడదు. వేసుకున్నందువల్ల నొప్పి రెండింతలు తగ్గదు, పుండు ముప్పు మాత్రం పెరుగుతుంది. పేరు చివర "ప్లస్", "ఎస్‌పీ" అని ఉంటే అందులో పారాసిటమాల్ 325 కూడా కలిసి ఉంటుందేమో చూడండి.

ఒళ్ళునొప్పులకు మొదట పారాసిటమాల్ 500. కడుపు పొరను అది దాదాపు ముట్టుకోదు. ఆరు గంటలకొకటి, నొప్పి బాగా ఉంటే రెండు. వేరే మాత్రల్లో కలిసి ఉండేదాంతో సహా రోజుకు 4 గ్రాములు, అంటే ఎనిమిది మాత్రలు దాటకూడదు. మద్యం తాగే అలవాటున్నవాళ్ళు, మరీ బక్కపలచగా ఉన్నవాళ్ళు నాలుగు మాత్రలు దాటొద్దు, వాళ్ళ కాలేయం అంతకు మించి తట్టుకోదు.

మోకాలికి, మణికట్టుకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకోండి. రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. మిరపకాయలు కోసిన చేతులతో మాత్రం జెల్ ముట్టుకోకండి. మిరప ఘాటు నీళ్ళకు పోదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు కాస్త వంటనూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

ఎవరు వేసుకోకూడదు

ఇంతకుముందు పుండు ఉన్నవాళ్ళు, రక్తం కక్కినవాళ్ళు డాక్టరును అడగకుండా నొప్పి మాత్ర ఒక్కటి కూడా వేసుకోకూడదు. అరవై దాటినవాళ్ళూ అంతే. గుండెకు యాస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు పక్కింటివాళ్ళ నొప్పి మాత్ర అడుక్కుని వేసుకోకండి.

బీపీకి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ, దాంతోపాటు ఒంట్లో నీరు లాగే మాత్ర గానీ వాడుతుంటే, నొప్పి మాత్రతో మూత్రపిండాలకూ ముప్పే. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం అందించే దారిని తెరిచి ఉంచేది కూడా ప్రోస్టాగ్లాండినే.

గర్భిణులు నొప్పి మాత్ర వేసుకోవద్దు. ముఖ్యంగా అయిదో నెల నుంచి.

పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వొద్దు. 2011లోనే ప్రభుత్వం దాన్ని పిల్లలకు నిషేధించింది. పిల్లలకు యాస్పిరిన్ కూడా వద్దు.

జ్వరంతో కలిసి ఒళ్ళునొప్పులుంటే పారాసిటమాల్ తప్ప ఏదీ వద్దు. అది డెంగీ అయితే ప్లేట్‌లెట్లు అసలే పడిపోతుంటాయి.

అంగట్లో కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే "ఒళ్ళునొప్పుల సెట్టు" తీసుకోకండి. అందులో ఉండే చిన్న మాత్ర స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్, నొప్పి మాత్ర జత కలిస్తే పుండు ముప్పు ఎన్నో రెట్లు. పేరు కనపడేలా కత్తిరించిన స్ట్రిప్ ఇస్తేనే డబ్బులివ్వండి.

కీళ్ళనొప్పులకు పేరులేని పొడులు, లేహ్యాలు వద్దు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో ఏం కలిపారోనని అనుమానించాలి.

నొప్పి మాత్ర వేసుకున్న రోజు మద్యం తాగొద్దు. ఆ రాత్రి కూడా వద్దు.

మింగలేక మాత్రను నలిపి వేసుకోకండి. డైక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటికి ఆమ్లంలో కరగని పైపూత ఉంటుంది, పేగులోకి చేరాకే కరగాలని. నలిపితే ఆ పూత పోయినట్టే.

డైక్లోఫెనాక్ 50 అయితే రోజుకు మూడు దాటొద్దు. ఐబుప్రోఫెన్ మీరుగా కొనుక్కున్నదైతే రోజంతా కలిపి 1200 మిల్లీగ్రాములు దాటొద్దు.

మూడు రోజులు. అంతకుమించి కావాల్సొస్తే డాక్టరుకు చూపించుకోండి. మూడు రోజులకు తగ్గని నొప్పికి నాలుగో రోజు అదే మాత్ర మందు కాదు. తిన్నాకే వేసుకుంటున్నా సరే, మూడు రోజులే.

ఏళ్ళతరబడి నడుము వంగక, మెడ తిరగక ఉంటే, అనంతపురం పల్లెల్లో ముందు తాగే నీళ్ళ మీద అనుమానం రావాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉంటే ఎన్ని మాత్రలు మింగినా ఎముక మెత్తబడదు. నీళ్ళు పరీక్ష చేయించి మార్చుకోండి.

విరేచనం రోజూ చూసుకోండి. తారులా నల్లగా, జిగటగా, ముక్కు పగిలే వాసనతో ఉంటే అది పైనుంచి కారి, అరిగి వచ్చిన రక్తం. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది గానీ అంత జిగట, అంత వాసన ఉండవు. తేడా తేల్చుకోలేకపోతే రక్తమే అనుకుని ఆస్పత్రికి పోండి.

వాంతిలో కాఫీపొడి లాంటి నలుసులు కనపడితే అదీ రక్తమే, ఆమ్లం తగిలి ఎరుపు పోయి నల్లబడింది. తెల్లారేదాకా ఆగొద్దు.

నిలబడితే కళ్ళు తిరగడం, చల్లచెమటలు, గుండె దడ ఉంటే పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవద్దు.

ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు కడుపునొప్పి వచ్చి, పొట్ట చెక్కలా బిగుసుకుని, కదిలితే ఓర్చుకోలేకపోతుంటే గోడకు రంధ్రం పడిందనుకోవాలి. అప్పుడు నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయొద్దు. గోలీసోడా వద్దు, మజ్జిగ వద్దు. వంటసోడా అసలే వద్దు: ఆమ్లంతో కలిసి గ్యాస్ పొంగుతుంది, కడుపులో ఉన్నదంతా రంధ్రంలోంచి బయటికి తోస్తుంది. ఆపరేషన్ చేయాల్సిన కేసు అది. కర్నూలు, అనంతపురం, కడప, ఏది దగ్గరైతే ఆ పెద్దాసుపత్రికి నేరుగా తీసుకుపోండి.

పోయేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని తీసుకుపోండి, బీపీ, గుండె మాత్రలతో సహా.

పుండు మానిందని చెప్పి పంపించేటప్పుడు హెలికోబాక్టర్ పైలోరి పరీక్ష చేయించుకోవాలా అని అడగండి. పుండ్లకు మరో పెద్ద కారణం ఆ బాక్టీరియా. దాన్ని బయటపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఊదే పరీక్ష గానీ మలపరీక్ష గానీ అయితే గ్యాస్ మాత్ర రెండు వారాల ముందు, యాంటీబయాటిక్ నాలుగు వారాల ముందు ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఆ ఆపడం కూడా డాక్టరు తేదీ చెప్పాకే చేయండి.