మట్టి కప్పిన ఇనుప షెడ్డులోకి చెమ్మ రాకుండా ఏం చేయాలి?

మే నెలలో మా తిరుపతి, చిత్తూరు వైపు మధ్యాహ్నం పూట రేకుల షెడ్డులో పది నిమిషాలు నిలబడలేం. అందుకే తోటల్లో కమాను ఆకారంలో ఇనుప షెడ్డు వేసి, పైన మట్టి కప్పుకుందామనుకునే వాళ్లుంటారు. మట్టి కప్పితే లోపల చల్లగా ఉంటుంది, నిజమే. కానీ మామూలు రేకు మీద పడిన వాన అప్పటికప్పుడే జారిపోతుంది. మట్టి కింద రేకును మాత్రం ఆ తడి వారాల తరబడి పట్టుకునే ఉంటుంది. తుప్పుకు కావాల్సింది నీరు, గాలి. తడిమట్టి రెండూ ఇస్తుంది. కాబట్టి నీళ్లు రేకు దాకా చేరకముందే పక్కకు పోయేలా దారి చూపించాలి. ఈ పనంతా దాని కోసమే.

చంద్రగిరి దగ్గర మా తోటలో ఇది నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. నవంబరు వానలకు గాలిగొట్టం పక్కన గోడ మీద సన్నటి గీత కనబడింది, కుంకుమ నీళ్లు కారినట్టు ఎర్రగా. వేలు పెడితే పొడి రాలింది. పైన రెండడుగుల మట్టి తవ్వి చూస్తే సంగతి తెలిసింది. తారు పూత అయ్యాక గొట్టానికి వెల్డింగ్ చేశారు. ఆ వేడికి చుట్టూ జానెడు మేర పూత కాలిపోయింది.

ముందు బరువు లెక్క

తడిసిన మట్టి అడుగు మందం ఉంటే చదరపు అడుగుకు 50 కిలోల పైమాటే. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు కప్పు మీద అది 10 టన్నులు దాటుతుంది. కమానుకైనా స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రేకు మందం, పునాది లెక్క కట్టించుకోండి. పాత షిప్పింగ్ కంటైనర్‌ను అలాగే పూడ్చేయాలనుకుంటే మాత్రం వద్దు. దాని బలమంతా నాలుగు మూలల స్తంభాల్లోనే ఉంది. పక్క గోడలు 2 మిల్లీమీటర్ల లోపు రేకు, మట్టి తోపుడుకు లోపలికి వంగిపోతాయి.

నేల కింద

నేల గట్టిపరిచి ఆరంగుళాల మందం కంకర పరవండి. కింది చెమ్మ పైకి పాకకుండా అది అడ్డుకుంటుంది. కంకర మొన షీటును చీల్చకుండా పైన పలుచగా ఇసుక, దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, ఆపైన కాంక్రీటు. షీటు అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీదికొకటి రావాలి, టేపు అంటించాలి.

రేకు, పూత, పొర

వెల్డింగ్ పనులన్నీ, గొట్టాలు, కరెంటు పైపులతో సహా, పూతకు ముందే అయిపోవాలి. ఆ తర్వాత తుప్పు, నూనె లేకుండా రుద్ది, వెల్డింగ్ చేసిన చోట్ల జింక్ ప్రైమర్ వేయించండి. మట్టి కిందికి ఒక్క రెడ్ ఆక్సైడ్ (ఇనుముకు మామూలుగా వేసే ఎర్ర ప్రైమర్) చాలదు. బయటి వైపు కోల్‌తార్ ఎపాక్సీ, అంటే తారు కలిసిన గట్టి రసాయన పూత, రెండు కోట్లు పడాలి. ఆ పూత ఘాటుగా ఉంటుంది, పనివాళ్లకు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. గది లోపల వాడొద్దు.

పూత బాగా ఆరాక అతుక్కునే రకం బిటుమెన్ మెంబ్రేన్, అంటే నీరు దిగని తారు షీటు, వేయాలి. కొట్టానికి బోద ఎలా కప్పుతారు? కింది వరుసతో మొదలుపెట్టి, పై వరుస కింది దాని మీదికి వచ్చేలా కదా. ఇదీ అంతే. అతుకు 4 అంగుళాలకు తగ్గకూడదు. గొట్టం పైకొచ్చే చోట కాలరు బిగించి, మెంబ్రేన్‌ను దాని మీదికి ఎక్కించి క్లాంపు వేయండి. ఉరుపు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

మట్టి పోయకముందే పైపుతో ఒక రోజంతా నీళ్లు పట్టించి, లోపల టార్చి వేసి ప్రతి అతుకూ చూడండి. ఈ ఒక్కరోజు ఓపిక పట్టండి. మట్టి పడ్డాక సందు వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నీటికి దారి

మెంబ్రేన్ మీద ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డులు (వేడిని ఆపే గట్టి నురుగు పలకలు), వాటి మీద బుడిపెల డ్రైనేజీ షీటు, ఆపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఈ గుడ్డ మట్టిని ఆపి నీటిని వదులుతుంది. గోడ అడుగున, లోపలి నేల మట్టం కన్నా కిందుగా, 4 అంగుళాల చిల్లుల పైపు పెట్టి చుట్టూ కంకర పోసి గుడ్డ చుట్టండి. చిల్లులు కిందివైపు ఉండాలి. నూరడుగులకు ఒక అడుగు వాటం ఇచ్చి, చివర బయటికి తెరుచుకునేలా వదిలి జాలీ కొట్టండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారడం చూశాం కదా, అలాంటి వానకు కూడా ఆ పైపు మూతి మునగని చోటు చూసుకోవాలి.

ఇరుపక్కలా సమంగా, ఎనిమిదేసి అంగుళాల చొప్పున మట్టి పోస్తూ మెల్లగా దిమ్మిస కొట్టండి. ఒక పక్కే నింపితే కమాను వాలుతుంది. నల్లరేగడి పనికిరాదు, నీరు పట్టి ఉబ్బుతుంది. రాళ్లు ఏరేసిన గరుసు మట్టి మేలు. పైనుంచి అడుగు లోతులో, గోడలు దాటి ఆరడుగుల దాకా మందపాటి షీటు ఒకటి గొడుగులా వాటంగా పరిస్తే సగం వాన అక్కడే పక్కకు పోతుంది. పైన గడ్డి పెంచండి, చెట్లు మాత్రం వద్దు.

లోపలి చెమట

మా పక్క తోట మామ ఒకరోజు వచ్చి, "ఏం అబ్బోడా, ఇంత చేసినా మళ్లీ ఉరుస్తా ఉందే" అన్నాడు. అది ఉరుపు కాదు, రేకుకు పట్టిన చెమట. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న రేకు మీద చుక్కలు కడతాయి. తేడా తెలియాలంటే తడి చోట తుడిచి ఆరబెట్టి, అడుగు చదరం పారదర్శక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఆగండి. ముక్క పైన చుక్కలుంటే గదిలో గాలి తేమ. కింద తడి ఉంటే బయటి నీరు.

బయట ఫోమ్ బోర్డులు పెట్టమన్నది ఇందుకే. వాటివల్ల రేకు గది వేడికి దగ్గరగా ఉంటుంది, చెమట తగ్గుతుంది. ఎదురెదురు చివర్లలో నేల దగ్గర ఒక గాలిగొట్టం, కప్పు దగ్గర ఒకటి పెట్టి రెండింటికీ మూతలు ఉంచుకోండి. ముసురు రోజుల్లో మూసి, ఎండ కాసి గాలి పొడిగా ఉన్నప్పుడు తెరవాలి. బెల్లం, గింజలు, మామిడి గంపలు గోడకు జానెడు ఎడంగా, చెక్కల మీద పెట్టండి. తడి గోనెసంచులు లోపలికి తేవద్దు.

ప్రతి పెద్దవాన మర్నాడు పైపు మూతి దగ్గరికి వెళ్లి చూడండి. తేట నీరు వస్తుంటే సరే. మట్టినీరు వస్తుంటే ఎక్కడో గుడ్డ చిరిగింది. వాన పడినా చుక్క రాకపోతే పైపు పూడింది, ఆ వారంలోనే తీయించండి.