ఇంట్లో పెద్దవాళ్ల తరఫున పోస్టాఫీసుకీ బ్యాంకుకీ వెళ్తున్నారా? ముందు ఈ కాగితం సిద్ధం చేసుకోండి

రాజాం దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఒక్కర్తీ ఉంటుంది. ఎనభై మూడేళ్లు. మోకాళ్లు సహకరించవు గానీ ఎవరికి ఎంత ఇచ్చిందో పైసాతో సహా చెబుతుంది. నేను విజయనగరంలో ఉంటాను. ఆవిడకి వచ్చే ఉత్తరాలు, పోస్టాఫీసు పాస్‌బుక్, బ్యాంకు ఖాతా, పెదనాన్న జూట్ మిల్లులో చేసినందుకు వచ్చే పీఎఫ్ కుటుంబ పింఛను, అన్నీ ఏడేళ్లుగా నేనే చూస్తున్నాను. అది చూసి మా వీధిలో ఇంకో నలుగురైదుగురు అడిగితే వాళ్లకీ దగ్గరుండి చేయించాను. ప్రతి కౌంటర్ దగ్గరా ఒకటే తప్పు కనిపిస్తుంది. "ఆవిడ మీకేమవుతారు?" అని క్లర్కు అడగ్గానే మనవాళ్లు చుట్టరికం మొదలుపెడతారు. మా అమ్మకి పెద్దప్ప, పిల్లల్లేరు, మమ్మల్ని తనే పెంచింది అంటూ సంచిలోంచి రేషన్ కార్డు తీస్తారు, ఫోన్లో పెళ్లి ఫొటో చూపిస్తారు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటారు, క్లర్కు ఫారం వెనక్కి తోసేస్తాడు.

చుట్టరికం రుజువైనా పని అవ్వదు. సొంత కొడుకైనా సరే, కొడుకైనంత మాత్రాన తల్లి ఖాతాలోంచి రూపాయి తీసే హక్కు రాదు. కౌంటర్ అవతలి మనిషికి మూడు సంగతులు తెలియాలి. ఖాతాదారు బతికే ఉన్నారు, ఎదురుగా నిలబడ్డ మీరు మీరే, మిమ్మల్ని పంపింది వాళ్లే. మొదటి రెండింటికీ దారి సులువు. మూడో దాని దగ్గరే అందరూ దెబ్బతింటారు. దానికి కావాల్సింది, వాళ్లు ఒప్పుకుని సాక్షుల ముందు ఇచ్చిన కాగితం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్దవాళ్ల ఆధార్, పాన్, పాస్‌బుక్, పింఛను ఉంటే పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరున్న కాగితం. మీ ఆధార్, మీ ఫొటోలు రెండు. మంచి స్టాంప్ ప్యాడ్ ఒకటి, నల్లదే కొనండి, నీలం జెరాక్స్‌లో వెలిసిపోతుంది. అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. జెరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ఎందుకిస్తున్నారో, ఏ తేదీనో రాసి అప్పుడు సంతకం పెట్టండి, ఊరికే ఇవ్వకండి. నంబరు మొత్తం అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు.

పేర్లు కలుస్తున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి

ఇది బయల్దేరే ముందు చేసే పని. మా పెద్దమ్మకి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌బుక్‌లో పూర్తి ఇంటిపేరు, పాత పొలం కాగితంలో పుట్టింటి ఇంటిపేరు ఉన్నాయి. పైగా ఇంగ్లీషులో పేరు ఒకచోట ఒక "ఎస్"తో, ఇంకోచోట రెండు "ఎస్"లతో ఉంది. ఒక బ్యాంకులో దీని మీద నన్ను మూడుసార్లు తిప్పారు. మొదటిసారి ఇంటిపేరన్నారు, రెండోసారి స్పెల్లింగన్నారు, ఈ రెండూ ఒకేసారి చెప్పి ఉంటే ఒకసారి బస్సు ఛార్జీలూ, ఒక రోజు సెలవూ మిగిలేవి. అందుకని ఆధార్‌లో ఉన్న పేరునే అసలుగా పెట్టుకుని, మిగతా చోట్ల కేవైసీ ఫారం ఇచ్చి దానికి సరిపోయేలా మార్పించండి. అక్కడ కొంచెం ఇక్కడ కొంచెం మారిస్తే ఎప్పటికీ తెమలదు.

రాజాం వైపు వాళ్లకి ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత పాస్‌బుక్‌లో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకో జిల్లా ఉంటే కంగారుపడకండి. రాజాం పిన్‌కోడ్ మారలేదు, ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది. ఊరు, మండలం, పిన్ ఒకటేనని వేలుపెట్టి చూపించండి, ఒప్పుకుంటారు.

ఉత్తరాల సంగతి

మామూలు ఉత్తరాలకి ఇబ్బంది లేదు, పోస్ట్‌మ్యాన్‌కి ఇల్లు తెలుసు. సంతకం పెట్టి తీసుకోవాల్సినవే కష్టం. పాత రిజిస్టర్డ్ పోస్ట్‌ని 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు గానీ, పంపినవాళ్లు రిజిస్ట్రేషన్ సదుపాయం తీసుకుంటే అది పేరున్న మనిషికో, ఆ మనిషి రాసిచ్చిన మనిషికో మాత్రమే ఇస్తారు. ఇల్లు తాళం వేసి ఉంటే కొద్దిరోజులు పోస్టాఫీసులో ఉంచి వెనక్కి పంపేస్తారు. కాబట్టి ఉత్తరం వచ్చాక పరుగెత్తడం కాదు, ముందే మీ ఊరి బ్రాంచి పోస్టుమాస్టర్‌కి ఒక లెటర్ ఇచ్చి ఉంచండి. నేను రాయించేది ఇంతే: "నా పేరున వచ్చే ఉత్తరాలు, పార్సిళ్లు నా తరఫున నా చెల్లెలి కొడుకు ఫలానా తీసుకోవడానికి ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. అతని సంతకం కింద ఉంది." కింద ఆవిడ నిశాని, అంటే వేలిముద్ర, నా సంతకం, ఇద్దరు సాక్షులు, దస్తూరి ఎవరిదో ఆ పేరు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. ముద్ర లేని ప్రతి ఎందుకూ పనికిరాదు, పోస్టుమాస్టర్ మారితే మళ్లీ మొదటికొస్తుంది.

నిశాని: ఇక్కడే జాగ్రత్త

బ్యాంకు దగ్గర సంగతి వేరు. అక్కడ డబ్బుంది కాబట్టి ఇంట్లో రాసిన లెటర్ సరిపోదు. మనవాళ్లు చేసే పెద్ద తప్పేంటంటే, విత్‌డ్రాయల్ ఫారాలు తెచ్చుకుని ఇంట్లోనే వేలిముద్ర వేయించేస్తారు. కొందరైతే పది ఖాళీ ఫారాల మీద ఒకేసారి వేయించి బీరువాలో పెట్టుకుంటారు. దయచేసి ఈ పని చెయ్యకండి. ఎవరి ముందు పడిందో తెలియని వేలిముద్రకి విలువ లేదు. పైగా ఆ ఖాళీ ఫారం ఎవరి చేతిలో పడితే వాళ్లు తమకి తోచిన అంకె వేసుకోవచ్చు.

జబ్బుపడ్డ, కదల్లేని ఖాతాదారుల కోసం రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టింది, చాలామందికి అది తెలియదు. సంతకం పెట్టలేకపోతే చేతి బొటనవేలు ముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్ర కూడా తీసుకోవచ్చు. దాన్ని బ్యాంకుకి తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయ్యుండాలి. ముద్ర కూడా వెయ్యలేని స్థితిలో ఉంటే ఏదో ఒక గుర్తు పెట్టించినా చాలు, సాక్షులు అలాగే ఉండాలి. తన తరఫున డబ్బు ఎవరు తీసుకుంటారో ఖాతాదారే చెప్పాలి, ఆ మనిషిని కూడా ఇద్దరు సాక్షులు గుర్తించాలి, ఆ మనిషి తన సంతకం బ్యాంకులో ఇవ్వాలి. మీరు మీరేనని రుజువయ్యేది అక్కడే. మీ ఆధార్ దానికి తోడు మాత్రమే.

అంటే అధికారి ఇంటికి రావాలి, లేదా పెద్దవాళ్లని ఆటోలో బ్యాంకు గుమ్మం దాకా తీసుకెళ్తే అధికారి బయటికి రావాలి. నేను ఆటోనే ఎంచుకుంటాను. వారం మధ్యలో, పదకొండు గంటలకి. సోమవారం, నెల మొదటి వారం వద్దు. ఇంటికి రావాలంటే మేనేజర్‌కి ముందుగా రాతపూర్వకంగా ఇవ్వండి. డెబ్భై దాటినవాళ్లకి ఇంటి దగ్గరే సేవలందించే ఏర్పాటు చేయాలని రిజర్వ్ బ్యాంకు 2017 నవంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది, ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. గొంతు పెంచితే పని అవ్వదు, చాలాసార్లు చూశాను.

సాక్షిగా రిటైరైన మాస్టారినో, పోస్టుమాస్టర్‌నో పట్టుకోండి. తమ్ముణ్ణి, బావమరిదిని పెట్టకండి, వాళ్లు స్వతంత్ర సాక్షులు కారు. రేపు అన్నదమ్ముల మధ్య మాట వస్తే ఆ కాగితం నిలబడదు.

అధికారి వచ్చాక ఆవిడనే నేరుగా అడుగుతారు. ఎవరిని పంపిస్తున్నారమ్మా? ఎంత తియ్యమంటున్నారు? ఆ జవాబు ఆవిడ నోటి నుంచే రావాలి. మీరు పక్కనుంచి అందించకండి, ఆవిడ ఆలస్యంగా చెప్పినా ఆగండి. మొదటిసారి నేను తొందరపడి అంకె చెప్పేశాను, ఆయన పెన్ను మూత పెట్టేసి "మీరు బయట కూర్చోండి" అన్నారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆవిడ ఒప్పుకుని పంపుతోందా, ఎవరో నొక్కి వేయిస్తున్నారా అన్నది తేల్చుకోవడానికే ఆయన అక్కడికి వచ్చింది.

ముద్ర వేయించడంలోనూ పద్ధతుంది. వేలిని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ప్యాడ్ మీద గట్టిగా అదమకూడదు, తేలిగ్గా అద్దాలి. కాగితం మీద గోరు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్కసారే దొర్లించాలి. అదిమితే గీతలు కలిసిపోయి నల్లటి చుక్క మిగులుతుంది. ముందు పాత కాగితం మీద రెండుసార్లు వేయించి చూడండి. పక్కనే ఏ చెయ్యి, ఏ వేలు, ఎవరిది అని రాయడం మర్చిపోకండి.

దీనికంటే జీపీఏ (తన తరఫున అన్ని పనులూ చేసే అధికారం రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మేలు కదా, జాయింట్ ఖాతా చేసేస్తే పోతుంది కదా అంటారు. జీపీఏతో అధికారం ఒక్కసారిగా ఎక్కువ వెళ్లిపోతుంది, పింఛను తీయడానికి అంత అవసరం లేదు. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవాళ్లు చనిపోయినా, మతి చెడినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. జాయింట్ ఖాతాలో డబ్బు ఎవరిదన్న గొడవ తర్వాత వస్తుంది. ఏటీఎం కార్డు, పిన్ను, ఓటీపీ వచ్చే ఫోను మీ దగ్గర పెట్టుకుని నడిపించడం అసలే వద్దు, దానికి ఆవిడ ఒప్పుకున్నట్టు ఒక్క అక్షరం ఉండదు. పెద్దవాళ్లకి జ్ఞాపకం పోతోందనిపిస్తే ఈ కాగితాలన్నీ ఆలోపే చేయించుకోండి. పూర్తిగా పోయాక ఎవరి పేరున రాయించినా చెల్లదు, కోర్టు నుంచి గార్డియన్‌గా ఉత్తర్వు తెచ్చుకోవాల్సిందే.

లైఫ్ సర్టిఫికెట్

పింఛను ఆగకుండా ఉండాలంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువు ఇది. ఇప్పుడు తేలిక. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబర్‌లో ఇస్తారు, ఎనభై దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. పీఎఫ్ పింఛనైతే ఎప్పుడిచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. వేలిముద్ర మిషన్ దగ్గరే ఏడుపొస్తుంది. పొలం పని చేసిన చేతులకి గీతలు అరిగిపోతాయి, పలాసలో జీడిపప్పు కొట్టిన చేతులకి జీడి సొన తగిలి అసలే ఉండవు. మా పెద్దమ్మకి ఆరుసార్లు ఫెయిలైంది. "ఏలు నాదే కదేటి బాబూ, మిషను కాదంటే నానేటి సేసేది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. 2021 నుంచి ముఖం చూపించి చేసే జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, వచ్చింది. రెండు యాప్‌లు వేసుకుని, ఆపరేటర్‌గా ముందు మీ ఆధార్‌తో మీ ముఖం చూపించాలి, తర్వాత పెద్దవాళ్ల వివరాలు కొట్టి వాళ్ల ముఖం చూపించాలి. వెలుతురు ముఖం మీద పడేలా వాకిట్లో కూర్చోబెట్టి కళ్లార్పమనండి. ఫోన్ చేతకాకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు. వచ్చిన ప్రమాణ్ ఐడీ ఫైల్లో రాసిపెట్టండి.

లెక్క ఎక్కడుండాలి

తీసిన ప్రతి రూపాయీ ఒక నోటుబుక్‌లో తేదీతో రాసి, ఆవిడకి చదివి వినిపించి, పక్కన నిశాని వేయించండి. అసలు కాగితాలు ఆవిడ ట్రంకుపెట్టెలోనే ఉంచి మీరు జెరాక్స్ తెచ్చుకోండి. పోస్టాఫీసు లెటర్‌ని నేను ఏటా కనుమ నాడు కొత్తగా రాయిస్తాను. ఆరోజు హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి అందరూ ఊళ్లోనే ఉంటారు. నోటుబుక్‌తో పాటు లెటర్ కూడా అందరి ముందూ చదివాకే పెద్దమ్మ వేలు ప్యాడ్ మీద పెడుతుంది.