బొమ్మల కంప్యూటర్ పాఠాలు – 4: ఆ 300 ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసారి వెక్టర్ బొమ్మలు, అంటే పిక్సెళ్లతో కాక గీతల లెక్కలతో తయారయ్యేవి, మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన పని మీరు చేసి పంపిన తీరు చూశాక ముందుకు వెళ్లలేకపోతున్నాను. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉండే పెళ్లి కార్డుకు ఒక ఫోటో సిద్ధం చేయమన్నాను. చాలామంది 800 × 1120 పిక్సెళ్ల (బొమ్మను కట్టే చిన్న రంగు చుక్కల) ఫోటో తీసుకుని, రిజల్యూషన్ గడిలో 72 చెరిపేసి 300 కొట్టి, ప్రింటుకు రెడీ అని పంపారు. ఇందులో తప్పు నాది. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని చెప్పాను గానీ, ఆ 300 ఎక్కడి నుంచి రావాలో చెప్పలేదు.

పిక్సెల్ అంటే ఏమిటో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 0 నుంచి 255 వరకు ఎలా కలుస్తాయో మళ్లీ చెప్పను. అవి మీకు వచ్చేశాయి. మీరు పడింది ఆ ఒక్క గడిలో.

ఫోటోలో నిజంగా ఉండేవి పిక్సెళ్లే. అడ్డంగా 800, నిలువుగా 1120. రిజల్యూషన్ గడిలోని అంకె డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది. ఈ పిక్సెళ్లను కాగితం మీద ఎంత దగ్గరగా పేర్చాలో ప్రింటరుకు చెబుతుంది, అంతే. చీటీ మార్చినంత మాత్రాన డబ్బాలో బియ్యం పెరగవు.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసికొడుకు ఫోటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. డిజిటల్ స్కానర్ పుట్టిందే అప్పుడు. ఆ బొమ్మ 176 × 176 పిక్సెళ్లు, అంటే మొత్తం 30,976 చుక్కలు. దాని గడిలో మీరు 300 రాస్తే ఏమవుతుంది? 176ను 300తో భాగించండి. అర అంగుళం దాటి కొంచెం. బిడ్డ ముఖం బొటనవేలి గోరంత అవుతుంది. చుక్కలు మాత్రం అవే 30,976.

కొందరికి ఇంకో రకంగా జరిగింది. ఫోటోషాప్‌లో రీశాంపిల్ అనే గడి టిక్ చేసి ఉంది. అప్పుడు 300 కొట్టగానే 800 కాస్తా 3333 అయింది, 1120 కాస్తా 4667 అయింది. ఫైలు బరువు కూడా పెరిగింది. అది చూసి సంతోషపడ్డారు. ఆ కొత్త పిక్సెళ్లు కెమెరా చూసినవి కావు. పక్క పిక్సెళ్ల రంగులు చూసి సాఫ్ట్‌వేర్ అంచనా వేసి నింపినవి. మజ్జిగలో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది, పెరుగు ఎక్కువవదు.

దీని మీద ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, డీటీపీ పనిలో చేరిన తొలి ఏడాది నేనూ ఇదే చేశాను. ఒక కుటుంబం పెద్దకర్మకు ఫ్లెక్సు కావాలని వచ్చింది. చనిపోయినాయనకు విడిగా ఫోటో లేదు, ఒక గ్రూప్ ఫోటోలో వెనక వరుసలో ఉన్నాడు. ముఖం వెడల్పు 150 పిక్సెళ్లు ఉంటుందేమో. గడిలో 300 కొట్టి, ఫైలు బరువు పెరిగిందని ధైర్యంగా ప్రింటుకు పంపేశాను. ఫ్లెక్సు మీద ఆ ముఖం రెండడుగులు. 150ను 24 అంగుళాలతో భాగిస్తే అంగుళానికి ఆరు చుక్కలు. కళ్లు ఉండాల్సిన చోట రెండు మసక మరకలు మిగిలాయి. వాళ్లు నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆ గడి వైపు చూడటం మానేశాను.

ఇప్పుడు నేను చేసేది ఒక్కటే: పిక్సెళ్లను అంగుళాలతో భాగిస్తాను. జింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ ప్రాపర్టీస్ తెరిస్తే పిక్సెళ్లు కనిపిస్తాయి, మిగతాది ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. మీ పెళ్లి కార్డు ఫోటోకు 800 ÷ 5 = 160. చేత్తో పట్టుకుని చూసే కార్డుకు అది చాలదు. అడ్డంగా 1500, నిలువుగా 2100 కావాలి. ఏ4 కాగితం నిండా రావాలంటే 2480 × 3508. అదే 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సుకు 300 లెక్క కడితే 36,000 × 28,800 అవుతుంది. ఆ ఫైలుతో కుస్తీ పట్టకండి. ఫ్లెక్సును రోడ్డు అవతల నుంచి చూస్తారు. నేనైతే అంగుళానికి 30, 40 దగ్గర ఆగిపోతాను. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో, అంటే 4000 × 3000, అంత ఫ్లెక్సుకూ సరిపోతుంది.

"వెబ్‌కు 72, ప్రింటుకు 300" అని బట్టీ పట్టించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. 1984లో వచ్చిన మొదటి మాకింతోష్ తెర అంగుళానికి 72 చుక్కలు, ఆ అంకె అక్కడి నుంచి అలా అంటుకుని వచ్చింది. ఇప్పటి ఫోన్ తెరకు దానితో సంబంధం లేదు. వెబ్‌లో పెట్టే ఫోటోకు ఎన్ని పిక్సెళ్లున్నాయో చూడండి, చాలు.

ఆ అంకె నిజంగా పనిచేసే చోటు స్కానర్. అక్కడ పిక్సెళ్లు ఇంకా పుట్టలేదు, ఎన్ని పుట్టాలో మీరే చెబుతున్నారు. 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటోను 300 దగ్గర స్కాన్ చేస్తే 413 × 531 వస్తాయి. 1200 దగ్గర చేస్తే సుమారు 1654 × 2126. పాత ప్రింటులో లేని వివరాన్ని స్కానర్ తేలేదు, కానీ అంకె సరిపడా పెడితే ఉన్నదాన్ని చాలావరకు పట్టుకుంటుంది.

వెక్టర్ గురించి ఈసారికి ఇంతే: ఫాంట్‌లోని అక్షరాలు గీతల లెక్కలు, పిక్సెళ్లు కావు, అందుకే ఎంత పెంచినా పగలవు. కార్డు మీద పేర్లను ఫోటోలో కలిపి జేపెగ్ చేయకండి. జేపెగ్ బొమ్మను 8 × 8 గడులుగా కోసి కుదిస్తుంది. ఆ దెబ్బకు ముందు చెదిరేవి ఒత్తులే.

ఈసారి పని కొంచెం ఎక్కువ. ఇంట్లో తాతయ్యదో, అమ్మమ్మదో పాత చిన్న ఫోటో ఒకటి వెతకండి. 5 × 7 అంగుళాల ప్రింటుకు స్కానర్‌లో ఎంత పెట్టాలో ముందు కాగితం మీద లెక్క వేయండి. ఫోటో కొలత, స్కానర్ అంకె, వచ్చిన పిక్సెళ్లు మూడూ రాయండి. తర్వాత అదే ఫోటోను 300 దగ్గర స్కాన్ చేసి, రీశాంపిల్‌తో అంత సైజుకే పెంచండి. రెండింటిలో కనురెప్పలు పక్కపక్కన పెట్టి చూసి, తేడా మీ మాటల్లో రాయండి. రెండు ఫైళ్లూ నాకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, మీరు స్కాన్ చేసింది నా దాకా రాదు.