చేరిన వారంలోనే బయటికి దారి చూసుకోండి

ఆ రోజు పొద్దున్నే మెయిల్ తెరవబోతే తెర మీద ఒక్కటే వాక్యం ఉంది: "నిబంధనలు ఉల్లంఘించినందున మీ అకౌంట్‌ను నిలిపివేశాం." ఏ నిబంధనో రాయలేదు. నేను అనువాదాలు చేసి బతికే మనిషిని. 11 ఏళ్ల ఉత్తరాలు, సగంలో ఉన్న పనులు, నాకు రావాల్సిన డబ్బుల లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. మొరపెట్టుకుంటే అక్షరం మారకుండా ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. 19వ రోజున, ఎందుకు మూశారో చెప్పకుండానే మళ్లీ తెరిచారు.

పేరున్న కంపెనీ కదా అని అన్నాళ్లూ నమ్మాను. కానీ నేను లేకపోయినా వాళ్లకు నష్టం లేదు, వాళ్లు లేకపోతే నా పని ఆగిపోతుంది. ఆ తేడాను కొంతైనా తగ్గించుకోవడానికి అప్పటి నుంచి నేను చేస్తున్న పనులు ఇవి.

ఏ సేవలో చేరినా మొదటి వారంలోనే ఒకసారి బయటికి వచ్చి చూడండి. నాలుగు ఫొటోలు, రెండు నోట్స్ పెట్టి, "మీ డేటా డౌన్‌లోడ్ చేసుకోండి" అనే బటన్ వెతకండి. గూగుల్‌లో టేకౌట్ అనే పేరుతో ఇది 2011 నుంచీ ఉంది. ఐరోపా సమాఖ్యలోనైతే 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని హక్కుగానే ఇచ్చింది. బటన్ కనిపించిందని ఆగిపోవద్దు, వచ్చిన జిప్ ఫైల్ విప్పండి. ఒక నోట్స్ సేవ నుంచి నాకు వచ్చిన ఫైల్లో తేదీ ఉండాల్సిన చోట 1609459200 అని ఉంది. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లట. గ్రీనిచ్ సమయం ప్రకారం 2021 జనవరి 1 అర్ధరాత్రి అని అర్థం. బొమ్మలన్నీ వేరే ఫోల్డర్లో, పేర్లకు బదులు అంకెలతో ఉన్నాయి. ఏ బొమ్మ ఏ నోట్‌దో తెలిసే దారే లేదు. ఇల్లు ఖాళీ చేయించి, సామానంతా గోనెసంచిలో కుక్కి గుమ్మం బయట పడేసినట్టుంది. రెండు నోట్సే కాబట్టి సరిపోయింది. అక్కడ ఇంకేమీ పెట్టలేదు.

అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది మెయిల్ చిరునామా. మిగతా ప్రతి అకౌంట్ పాస్‌వర్డ్ మార్చాలన్నా లింక్ వచ్చేది అక్కడికే. సొంత డొమైన్, అంటే చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు, ఒకటి తీసుకోండి. మెయిల్ నడిపే కంపెనీ నచ్చకపోతే డొమైన్ సెట్టింగ్స్‌లో, ఉత్తరాలు ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు మార్చి ఇంకో కంపెనీకి వెళ్లొచ్చు, చిరునామా మాత్రం మీదే. అయితే డొమైన్ కూడా అద్దెదే. గడువు దాటాక కూడా డబ్బు కట్టకపోతే చివరికి ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆపైన మీకు రావాల్సిన ఉత్తరాలు వాళ్లకు వెళ్తాయి. అందుకని ఆటో రెన్యూవల్ పెట్టుకోండి. డొమైన్ అమ్మిన కంపెనీ దగ్గర మీ అకౌంట్‌కు అదే డొమైన్ మెయిల్ ఇవ్వకండి. తాళం చెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టవుతుంది. అకౌంట్ తెరవలేకపోతే పనికొచ్చే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి దాచుకోండి.

తర్వాత, సంకేతాలుగా మార్చి దాచిన మీ మాటలను విప్పి చదవగలిగే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూడండి. 2016లో అమెరికా అధికారులు సమాచారం కోరినప్పుడు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఇవ్వగలిగింది అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండు వివరాలే. మిగతాది దాని దగ్గర లేదు. లావాబిట్ అనే మెయిల్ సేవ సంగతి వేరు. తాళంచెవులు దాని దగ్గరే ఉన్నాయి. ప్రభుత్వం వాటిని అడిగితే, అమెరికా ప్రజల పట్ల నేరాల్లో పాలుపంచుకోలేనని యజమాని 2013 ఆగస్టులో సేవనే మూసేశాడు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ నిజాయితీ వల్ల కూడా జనం రాత్రికి రాత్రి తమ మెయిల్‌కు దూరమయ్యారు. యజమాని ఎంత మంచివాడైనా సొంత కాపీ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

యజమాని ఎవరన్నది కూడా చూడాలి, ఎందుకంటే అది మారుతుంది. వాట్సాప్‌ను ఫేస్‌బుక్ 2014లో కొన్నది. రెండు సేవల్లో ఒకే మనిషికున్న అకౌంట్లను ఆటోమేటిక్‌గా, నమ్మదగినట్టు జతచేయలేమని అప్పుడు ఐరోపా కమిషన్‌కు చెప్పింది. 2016లో ఫోన్ నంబర్ల ఆధారంగా జతచేసే వీలు తెచ్చింది. తప్పుదోవ పట్టించే సమాచారం ఇచ్చినందుకు కమిషన్ 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు 6 గంటలు ఆగిపోయాయి. ఒకటి ఆగితే ఇంకొకటి ఉందిలే అనుకునేముందు రెండింటి యజమానీ ఒకరేనేమో చూసుకోండి. ముఖ్యమైనవాళ్ల నంబర్లు యాప్ బయట కూడా రాసి ఉంచుకోండి.

ఇప్పటికే అంతా ఒకేచోట ఉంటే టెన్షన్ పడి ఒక్కరోజులో మార్చేయాలని చూడకండి. ముందు బ్యాంకుకు ఇచ్చిన మెయిల్ చిరునామా మార్చండి, తర్వాత పనికి సంబంధించినవి. నాకు 4 నెలలు పట్టింది. పాత అకౌంట్ ఇంకా మూయలేదు. అక్కడికి ఎవరి ఉత్తరం వచ్చినా వాళ్లకు కొత్త చిరునామా పంపి, ఆ ఉత్తరాన్ని దించుకుని, అక్కడి నుంచి తీసేస్తున్నాను. కిందటి నెల వచ్చినవి మూడే.